ఎండాకాలం సెలవుల్లో లైబ్రరీకి ఎందుకు పోవాల?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా చూడండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఈ వయసు పిల్లలు ఎవరో ఒకరు ఉంటారు కదా, వాళ్లకి పంపండి.

టాపిక్ సింపుల్. ఏప్రిల్ చివర్లో బడి మూస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు. మధ్యలో సుమారు ఏడు వారాలు. మన అనంతపురం ఎండకి పొద్దున పదకొండు దాటితే బయట కాలు పెట్టలేం. ఆ ఏడు వారాలు ఏం చేయాల? నా జవాబు: లైబ్రరీకి పోండి.

"అబ్బా, సెలవుల్లో కూడా చదువేనా అన్నా" అని వీడియో మార్చేయొద్దు. మార్కుల గురించి నేను ఈరోజు ఒక్క మాట కూడా మాట్లాడను.

ముందు ఒక లెక్క చెప్తా. అసర్ అని ఒక రిపోర్ట్ వస్తుంది, ప్రథమ్ సంస్థ వాళ్లు చేస్తారు. ఊర్లలో ఇంటింటికీ పోయి పిల్లలు ఎంతవరకు చదవగలుగుతున్నారో చూస్తారు. 2023లో వాళ్లు 14 నుంచి 18 ఏళ్ల వాళ్ల మీద సర్వే చేశారు. అంటే అచ్చం మీ వయసు. 26 రాష్ట్రాల్లో 28 జిల్లాలు, 34 వేల మందికి పైగా పిల్లలు. అందులో రెండు విషయాలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకటి, దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, దాన్ని వాడటం కూడా వాళ్లకి వచ్చు. రెండు, ఇంచుమించు 25 శాతం మంది తమ సొంత భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని తడుముకోకుండా చదవలేకపోయారు. ఇంగ్లీష్ కాదు, సొంత భాష. పద్నాలుగేళ్లు దాటినవాళ్లు, రెండో తరగతి పాఠం. నలుగురిలో ఒకరు.

అంటే ఫోన్ దాదాపు అందరికీ చేరింది. చదవడం మాత్రం అందరికీ చేరలేదు. మరి బడికి పోతూనే ఉన్నారు కదా, ఇలా ఎందుకు అవుతుంది? కారణాలు చాలా ఉన్నాయి. అందులో ఒకటి మన టాపిక్‌కి సంబంధించింది. అదే సెలవులు.

ఇక్కడ కొంచెం సేపు అమెరికా పోయి వద్దాం, ఎందుకంటే సెలవుల మీద గట్టిగా పరిశోధన జరిగింది అక్కడే. బాల్టిమోర్ అని ఒక ఊరు. 1982లో అక్కడి జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్లు, కార్ల్ అలెగ్జాండర్, డోరిస్ ఎంట్‌విజిల్, లిండా ఓల్సన్ అని ముగ్గురు, ఒకటో తరగతి పిల్లల్ని సుమారు 790 మందిని తీసుకున్నారు. బడి మొదలైనప్పుడు ఒక పరీక్ష, బడి మూసేటప్పుడు ఒక పరీక్ష. ఇలా ఏళ్ల తరబడి చూశారు. వాళ్లకి కనిపించింది ఏమంటే, బడి నడిచే నెలల్లో పేద పిల్లలు, ఉన్నవాళ్ల పిల్లలు దాదాపు సమానంగా నేర్చుకుంటున్నారు. తేడా వేసవిలో వస్తోంది. ఉన్నవాళ్ల పిల్లలు సెలవుల్లో కూడా కొంచెం ముందుకు పోతున్నారు. పేద పిల్లలు ఉన్నచోటే ఆగిపోతున్నారు. ఏటా వచ్చే ఆ కొంచెం తేడా పేరుకుంటూ పోతుంది.

దీనికి వాళ్లు పెట్టిన పేరు వింటే మనూరి వాళ్లే పెట్టినారేమో అనిపిస్తుంది. కొళాయి సిద్ధాంతం. బడి నడిచినన్నాళ్లు కొళాయి అందరికీ వస్తుంది. బడి మూస్తే కొళాయి కట్టేసినట్టు. ఇంట్లో పుస్తకాలు, ట్యూషన్లు, ఊర్లు తిరిగే డబ్బు ఉన్నవాళ్లకి సొంత నీళ్లు ఉంటాయి. లేనివాళ్ల బిందె ఖాళీ.

ఒక మాట నిజాయితీగా చెప్పాల. ఆ తేడా ఎంత పెద్దది అనే దాని మీద తర్వాత వాదనలు వచ్చాయి. పాత పరీక్షల్లో మార్కులు కొలిచే పద్ధతి వల్ల తేడా ఉన్నదానికంటే పెద్దగా కనిపించి ఉండొచ్చని 2019లో పాల్ వాన్ హిప్పెల్ అనే పరిశోధకుడు రాశారు. కాబట్టి అంకెల్ని గుడ్డిగా పట్టుకోవద్దు. సెలవుల్లో ఎవరికి ఏం అందుతుంది అనే ప్రశ్న మాత్రం అట్లే ఉంది.

ఇంకొక్క పరిశోధన చెప్పి వెనక్కి వచ్చేస్తా. బార్బరా హేన్స్ అనే సోషియాలజిస్టు అట్లాంటా నగరంలో ఆరు, ఏడు తరగతుల పిల్లల వేసవిని పరిశీలించి 1978లో పుస్తకం రాశారు. సెలవుల్లో పిల్లల ఎదుగుదలకి అన్ని ప్రభుత్వ సంస్థల్లోకీ ఎక్కువ ఉపయోగపడుతున్నది పబ్లిక్ లైబ్రరీ అని ఆమె తేల్చారు. ఇంకో చిన్న విషయం కూడా గమనించారు. ఇంటికి లైబ్రరీ ఎంత దగ్గరగా ఉంటే పిల్లలు అంత ఎక్కువ చదివారు. దూరం! ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తా.

సరే, ఇప్పుడు అనంతపురం. మనది దక్కన్ పీఠభూమి. పడమటి కనుమలు నైరుతి వానల్ని ఆపేస్తాయి, ఈశాన్య వానలు మన దాకా వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో తక్కువ వాన పడే జిల్లా అని మనల్ని చెప్తుంటారు. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయింది, మబ్బులకి మాత్రం ఆ సంగతి తెలీదు, రెండు పక్కలా అదే కథ. శెనక్కాయ వేసేది వాన నమ్ముకుని. పంట పోతే బెంగళూరుకో, కేరళకో వలస.

మీరు చూసే ఉంటారు. ఊర్లో అందరి బోర్లూ ఎండిపోతాయి, ఒక్కరి బోరు మాత్రం పోస్తా ఉంటుంది. ఎందుకు? వాళ్లు ఇంకా లోతుకి వేయించుకోగలిగారు కాబట్టి. వేసవి సెలవులు కూడా అచ్చం అంతే. కొందరు పిల్లలు సమ్మర్ కోచింగ్‌కి, స్పోకెన్ ఇంగ్లీష్‌కి, స్విమ్మింగ్‌కి పోతారు. కొందరు అమ్మానాన్నల వెంట పని ఉన్న చోటికి పోతారు, లేదంటే అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. చేతిలో ఒక ఫోన్, రోజుకి ఒకటిన్నర జీబీ. రీల్స్ చూసి చూసి డేటా అయిపోతే నిద్ర.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాల. అబ్బాయికి సెలవులంటే క్రికెట్. అమ్మాయికి సెలవులంటే నీళ్లు మోయడం, వంట, తమ్ముడిని చూసుకోవడం. పదో తరగతి పరీక్షలు అయిపోయిన వేసవి అయితే ఇంకా ప్రమాదం. పెళ్లి మాటలు ఎక్కువగా వచ్చేది ఆ నెలల్లోనే. బడి ఉంటే "రేపు స్కూల్ ఉంది" అని చెప్పొచ్చు. సెలవుల్లో అమ్మాయి బయటికి పోవడానికి ఇంట్లో ఒప్పుకునే కారణం ఏముంది?

అందుకే లైబ్రరీ అంటున్నా. ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తా.

లైబ్రరీ మీకు ఎవరో దయతో ఇచ్చింది కాదు. దానికి మీ ఇంటోళ్లు ఇప్పటికే డబ్బు కట్టినారు. ఎట్లా అంటారా? ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. లైబ్రరీ సెస్సు అని ఒక లైను ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ లైబ్రరీల చట్టం 1960లో వచ్చింది. దాని ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. మీ ఇంటి పన్ను వెయ్యి రూపాయలైతే 80 రూపాయలు లైబ్రరీది. పంచాయతీనో, మున్సిపాలిటీనో దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాల. ఆ డబ్బుతోనే పుస్తకాలు, పేపర్లు, బిల్డింగులు. వసూలైన సెస్సు సమయానికి జమ కాదు, బకాయిలు పడతాయి అనేది రాష్ట్రమంతా ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదే. అది కూడా మీరు తెలుసుకోవాల్సిన విషయమే, ఎందుకంటే ఆ డబ్బు మనది.

ఒక ఓటీటీ సబ్‌స్క్రిప్షన్‌కి డబ్బు కట్టి ఏడాదంతా ఓపెన్ చేయకుండా ఉంటామా? లైబ్రరీ విషయంలో మన ఇళ్లు చాలావరకు చేస్తున్నది అదే.

మన తెలుగోళ్లు ఒకప్పుడు లైబ్రరీ కోసం ఉద్యమమే చేసినారు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దాని వెనక మనిషి. గ్రంథాలయ ఉద్యమ పితామహుడు అంటారు ఆయన్ని. ఊరూరా తిరిగి లైబ్రరీలు పెట్టించారు. 1935లో పాతూరి నాగభూషణం గారు ఇంకో అడుగు వేశారు. గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా పోయే కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపించారు. పడవ ఊరి దగ్గర ఆగితే జనం వచ్చి పుస్తకం మార్చుకునేవాళ్లు. పుస్తకం దగ్గరికి మనిషి రాలేకపోతే, మనిషి దగ్గరికే పుస్తకం పోవాల. ఇందాక అట్లాంటా పరిశోధనలో దూరం గురించి చెప్పినా కదా, ఆ పరిశోధన రావడానికి నలభై ఏళ్ల ముందే మనోళ్లకి అది తెలుసు.

వాళ్లకి కాలువ ఉంది కాబట్టి పడవ. మన పెన్నలో పడవ పెడితే ఇసుకలో తోయాల్సి వస్తుంది! నవ్వొద్దు, ఆలోచించండి. మనకి పడవ బదులు ఏమి? సైకిల్ ఉంది, ఆర్టీసీ బస్సు ఉంది, మీ జేబులో ఫోన్ ఉంది. ఆ విషయానికి చివర్లో వస్తా.

మరి ఇప్పుడు లైబ్రరీల్లో వేసవిలో ఏం జరుగుతుంది? మన రాష్ట్రంలో పౌర గ్రంథాలయ శాఖ ఏటా సెలవుల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు పెడుతుంది. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో, శాఖా గ్రంథాలయాల్లో. ఫీజు లేదు. కథలు చెప్పించడం, పుస్తకాలు చదివించి వాటి మీద మాట్లాడించడం, బొమ్మలు వేయడం, స్పోకెన్ ఇంగ్లీష్, చెస్, క్యారమ్స్, ఇట్లాంటివి ఉంటాయి. ఏది ఎంత బాగా జరుగుతుందనేది ఆ ఊరి లైబ్రేరియన్ మీద, వచ్చే పిల్లల మీద ఆధారపడుతుంది.

పోయిన మే నెలలో నేను మా వైపు ఒక శాఖా గ్రంథాలయానికి పోయినా. ఊరి పేరు చెప్పను, ఎందుకంటే ఇది చాలా ఊర్ల కథ. రెండు గదులు. ముందు గదిలో ఐదు, ఆరు తరగతుల పిల్లలు చాప మీద కూర్చుని బొమ్మలు గీస్తున్నారు. గోలగోలగా, సంతోషంగా ఉన్నారు. వెనక గదిలో బెంచీల నిండా గ్రూప్స్‌కి, కానిస్టేబుల్‌కి, డీఎస్సీకి ప్రిపేర్ అయ్యేవాళ్లు. పేజీ తిప్పిన చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండు గదుల మధ్య గుమ్మం దగ్గర నలుగురు అమ్మాయిలు నిలబడి ఉన్నారు. తొమ్మిది, పది చదివేవాళ్లు. చాప మీద కూర్చుంటే చిన్నపిల్లల్లా ఉంటుంది. వెనక గదిలోకి పోతే అన్నలు తలెత్తి చూస్తారు.

లైబ్రరీలో మీ వయసుకి చోటు లేదు అనేది నాకు అక్కడే కళ్లకి కట్టింది. చిన్నపిల్లలకి ఉంది, ఉద్యోగం కోసం చదివేవాళ్లకి ఉంది. పదమూడు నుంచి పదిహేడు మధ్య వాళ్లు గుమ్మంలో.

అక్కడి లైబ్రేరియన్ మేడమ్ ఏం చేశారంటే, పేపర్ల బల్లని సాయంత్రం నాలుగు తర్వాత వీళ్లకి ఇచ్చేశారు. బల్ల మీద ఒక డజను పుస్తకాలు పరిచి పెట్టారు, బీరువాలో దాచి తాళం వేయలేదు. "మీకు నచ్చింది తీసుకోండి, నచ్చకపోతే సగంలో పెట్టేయండి, నేను ఏమీ అడగను" అన్నారు. అంతే. నేను ఉన్న గంటలో ఆ నలుగురూ కదల్లేదు.

ఒక అమ్మాయిని అడిగినా, ఇంట్లో పంపిస్తారా అమ్మా అని. "పుస్తకం ఇంటికి తీసుకుపోతా అన్నా. దాని మీద తేదీ ముద్ర వేస్తారు. ఆ తేదీకి తిరిగి ఇవ్వాల్సిందే కదా, అందుకే మళ్లీ పంపిస్తారు" అంది.

ఇదీ నేను చెప్పదలుచుకున్న విషయం. మనకి ఆ ముద్ర అంటే ఫైన్ పడే తేదీ. ఆ అమ్మాయికి అది ఇంట్లోంచి బయటికి రావడానికి ఒక అనుమతి కాగితం. ఒక పుస్తకం, ఒక తేదీ, ఒక కారణం. అమ్మాయిలూ, సభ్యత్వ కార్డు తీసుకోండి. అన్నలు, నాన్నలు చూస్తుంటే, తీసుకెళ్లి ఇప్పించండి. చిన్న డిపాజిట్ ఉంటుంది, అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు, అంతే. ఇంకో మాట. పద్దెనిమిది నిండకుండా పెళ్లి మాట వస్తే 1098కి ఫోన్ చేయొచ్చు. మీకైనా, మీ ఫ్రెండ్‌కైనా. ఆ నంబర్ గుర్తు పెట్టుకోండి.

సరే, లైబ్రరీకి పోయినారు. ఏం చదవాల? చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బీరువా నిండా పుస్తకాలు, ఏది తీయాలో తెలీదు. నేను కొన్ని చెప్తా.

చదవడం అంటే బోర్ అనుకునేవాళ్లు పాత చందమామలతో మొదలుపెట్టండి. 1947 జూలైలో మొదలైన పత్రిక. పాత బైండు పుస్తకాలు కొన్ని లైబ్రరీల్లో ఇంకా ఉన్నాయి. సీరియల్ పట్టుకుంటే వదలరు. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు రైలుబడి అడగండి. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసిన తొత్తోచాన్‌కి అది తెలుగు. పాత రైలు పెట్టెల్లో నడిచిన బడి. అందులో ఒక పెట్టె లైబ్రరీ కూడా. నామిని గారి పచ్చనాకు సాక్షిగా తీసుకోండి. చిత్తూరు యాస. మన ఇంట్లో మాట్లాడుకునే మాట పుస్తకంలో ఇట్లా కూడా ఉంటుందా అనిపిస్తుంది.

పదో తరగతి దాటినవాళ్లు మన జిల్లా రచయితల్ని చదవండి. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం గారి పెన్నేటి పాట. పెన్న ఒడ్డున కరువు గురించి రాసిన కావ్యం. సింగమనేని నారాయణ గారి కథ జూదం. శెనక్కాయ సేద్యం ఎందుకు జూదమో మీ నాన్నని అడిగినా చెప్తాడు, కానీ కథ చదివాక మీ నాన్నని ఇంకో రకంగా చూస్తారు. చిలుకూరి దేవపుత్ర గారి పంచమం. ఇంటర్ అయిపోయినవాళ్లు బండి నారాయణస్వామి గారి శప్తభూమి. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన నవల, రాయల కాలం తర్వాత మన సీమ ఎట్లా ఉండేదో అందులో ఉంటుంది. ఇవి మీ శాఖలో లేకపోతే లైబ్రేరియన్‌ని అడగండి. రీడర్లు ఏం అడిగారనేది కూడా పుస్తకాల కొనుగోలులో లెక్కకి రావాలంటే ముందు ఎవరో ఒకరు అడగాల కదా.

వారానికి ఒకటి చదివినా ఏడు వారాలకి ఏడు పుస్తకాలు. ఒకటి నచ్చకపోతే వదిలేయండి. ఇది సిలబస్ కాదు.

చదవడం ఒక్కటే కాదు, చేయడానికి కూడా పనులు ఉన్నాయి. నేను మూడు చెప్తా. మూడింటికీ రూపాయి ఖర్చు లేదు.

మొదటిది, మాటలు పోగు చేయడం. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. వ్యవసాయ పదాలు. ఊర్లు తిరిగి, రైతుల్ని అడిగి, ఏ జిల్లాలో ఏ పనిముట్టుని ఏమంటారో రాసుకుని చేసిన పుస్తకం. మీ తాతకి గొర్రులో ఒక్కో భాగానికీ పేరు తెలుసు. గుంటకకి, కపిలకి, ఎద్దుల బండికి తెలుసు. ఆ మాటలు మీకు తెలుసా? ట్రాక్టర్ వచ్చాక ఆ మాటలతో పని తగ్గిపోయింది. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి అవ్వని, తాతని కూర్చోబెట్టుకుని అడగండి. నలుగురు కలిసి ఒక వేసవిలో రెండు వందల మాటలు రాసినా, ఒక నోటుపుస్తకం చేసి మీ లైబ్రరీలో పెట్టొచ్చు. వేమన పద్యాలు ఈరోజు మన చేతిలో ఉన్నాయంటే, సీపీ బ్రౌన్ అనే ఆయన తాళపత్రాలు, రాతప్రతులు పోగు చేసి 1829లో అచ్చు వేయించడం కూడా ఒక కారణం. ఆ వేమన సమాధి మన కదిరి పక్కన కటారుపల్లిలో ఉంది. బయటోళ్లు వచ్చి పోగు చేసినప్పుడు, మన ఊరి మాటలు మనం పోగు చేసుకోలేమా?

రెండోది, చిన్నపిల్లలకి చదివి వినిపించడం. వేసవి శిబిరానికి చిన్నోళ్లు వస్తారు, లైబ్రేరియన్ ఒక్కరే ఉంటారు. మీరు పోయి "మేడమ్, రోజుకి అరగంట నేను కథ చదువుతా" అనండి. ఎవరూ వద్దనరు. పైకి చదివితే మీ చదువు కూడా సాఫీ అవుతుంది. నలుగురి ముందు మాట్లాడే భయం పోతుంది. ఇంటర్వ్యూల్లో మనోళ్లు తడబడేది అక్కడే, నేను బెంగళూరులో ఉద్యోగం చేసినప్పుడు చాలాసార్లు చూసినా.

మూడోది, మీ ఊరి పేజీ. తెలుగు వికీపీడియాలో మన ఊర్లకి వేల పేజీలు ఉన్నాయి. చాలా వాటిలో జనాభా లెక్కలు, దూరాలు తప్ప ఏమీ ఉండవు. మీ ఊరి చెరువు ఎప్పటిది, గుడిలో శాసనం ఉందా, ఎవరైనా రచయిత ఉన్నారా, దానికి ఆధారం ఏ పుస్తకంలో ఉంది? వికీపీడియాలో ఆధారం లేకుండా రాయకూడదు. ఆధారం ఎక్కడ దొరుకుతుంది? లైబ్రరీలో, జిల్లా గెజిటీర్‌లో, పాత పుస్తకాల్లో. "మా ఊరి గురించి అందరికీ తెలుసు" అనేదానికీ, "ఫలానా పుస్తకంలో ఫలానా పేజీలో ఉంది" అనేదానికీ తేడా ఒకసారి తెలిస్తే, వాట్సాప్ ఫార్వర్డ్ ఇక మిమ్మల్ని ఈజీగా మోసం చేయలేదు.

ఇప్పుడు దూరం సంగతి. "అన్నా, మా ఊరికి లైబ్రరీ పది కిలోమీటర్లు" అనేవాళ్లు చాలామంది ఉంటారు. మీ జేబులో ఉన్నదే మీ పడవ. స్టోరీవీవర్ అని ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్, 2015 నుంచి ఉంది. తెలుగు కథలు ఫ్రీగా చదవొచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మీరు అనువాదం కూడా చేయొచ్చు. తెలుగు వికీసోర్స్‌లో కాపీరైట్ తీరిపోయిన పాత పుస్తకాలు ఉన్నాయి. గురజాడ కన్యాశుల్కం లాంటివి. చిన్నపిల్లల పెళ్లిళ్ల మీద 1890లలో వచ్చిన నాటకం, ఇప్పటికీ నవ్విస్తుంది, ఇప్పటికీ గుచ్చుతుంది. వైఫై ఉన్న చోట ఒకేసారి డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత డేటా అక్కర్లేదు.

అయితే ఫోన్ ఒక్కటే చాలు అని నేను అనను. ఫోన్‌లో కథ చదువుతుంటే పైన నోటిఫికేషన్ వస్తుంది, వేలు అటు పోతుంది. లైబ్రరీలో బల్ల ఉంటుంది, ఫ్యాన్ ఉంటుంది, పక్కన చదివే ఇంకో మనిషి ఉంటాడు. వారానికి ఒక్కరోజు బస్సెక్కి పోయినా రెండు పుస్తకాలు తెచ్చుకోవచ్చు. నలుగురు ఫ్రెండ్స్ ఉంటే వంతుల వారీగా ఒకరు పోయి నలుగురికీ తేవచ్చు. మీరే పడవ అయినట్టు.

పోయే ముందు టైమింగ్స్ చూసుకోండి. చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు. మన ఎండకి అది మంచిదే. వారపు సెలవు చాలాచోట్ల ఆదివారం కాదు, శుక్రవారం. గుమ్మం దగ్గర బోర్డు ఉంటుంది.

ఒకవేళ మీ లైబ్రరీ తాళం వేసి ఉందనుకోండి, లేదంటే మీ వయసు వాళ్లకి అక్కడ ఏమీ లేదనుకోండి. అప్పుడు అడగాల. ఒక తెల్లకాగితం తీసుకుని జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారికి అని రాయండి. "మా వయసు వాళ్లకి సాయంత్రం ఒక బల్ల, ఒక బీరువా పుస్తకాలు కావాల" అని రాయండి. పదిమంది సంతకాలు పెట్టండి. లైబ్రేరియన్‌తో గొడవ పడొద్దు, చాలాచోట్ల ఒక్కరే మొత్తం చూసుకుంటుంటారు. ఆ కాగితం వాళ్లకి కూడా బలమే. మీ పంచాయతీ ఆఫీసులో లైబ్రరీ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అని మీ నాన్నతో అడిగించండి. మర్యాదగా అడిగితే తప్పేం లేదు, అది మన డబ్బు.

లైబ్రరీ సైన్స్‌కి మన దేశంలో పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ఐదు సూత్రాలు రాశారు. మొదటిది, పుస్తకాలు వాడటానికే. రెండోది, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం. ప్రతి పాఠకుడికీ అంటే చాప మీద కూర్చున్న చిన్నోడికి, బెంచీ మీద కూర్చున్న అన్నకి మాత్రమే కాదు. గుమ్మంలో నిలబడ్డ మీకు కూడా.

కాబట్టి ఈ వేసవికి మీ పని ఇది. ఈ వారంలో మీ దగ్గరి లైబ్రరీ ఎక్కడుందో కనుక్కోండి. ఒక్కరే పోవద్దు, ఇంకొకరిని తీసుకుపోండి, వీలైతే ఇంట్లోంచి పంపని ఒక అమ్మాయిని వాళ్ల అమ్మని ఒప్పించి తీసుకుపోండి. కార్డు తీసుకోండి. ఒక పుస్తకం మీద ముద్ర వేయించుకుని ఇంటికి రండి. ఆ పుస్తకం పేరు, మీ మండలం పేరు కింద రాయండి, నేను అన్నీ చదువుతా. మీ వివరాలు, ఫోన్ నంబర్లు మాత్రం రాయొద్దు.

వచ్చే ఎపిసోడ్‌లో పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్కా, ఇంటరా అనేది మాట్లాడుకుందాం. చాలామంది అడిగినారు. అంతవరకు నీళ్లు బాగా తాగండి, మధ్యాహ్నం ఎండలో తిరగొద్దు. ఉంటా మరి, బై.